కొవ్వు మీద ఊరంతా చెప్పే సలహాలు: వినకూడనివి

మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ ఒకరికి షుగరు బయటపడిందని తెలిస్తే చాలు, రెండు రోజుల్లో ఇంటి నిండా సలహాలే. పక్కింటి అత్త ఒకటి చెబుతుంది, టీ అంగడి దగ్గర పెద్దాయన ఇంకొకటి చెబుతాడు, బెంగుళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు వాట్సాప్‌లో వీడియో పంపుతాడు. అందరూ మన మంచి కోరేవాళ్లే, అందుకే కాదనలేక వింటాం. విన్నా నష్టం లేని సలహాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి నేను పోను. ప్రాణం మీదికి తెచ్చేవి కొన్ని ఉన్నాయి. ఊబకాయం వేరు, షుగరు వేరు, గుండెజబ్బు వేరు, దేనికదే చూసుకోవచ్చు అనుకోవడంలో పుట్టినవి అవి. రక్తంలో కొవ్వు ఎట్లా ప్రయాణం చేస్తుందో కాస్త తెలుసుకుంటే ఈ మూడింటికీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది. ఏ సలహా ఎందుకు తప్పో ఎవరికి వాళ్లే చెప్పగలుగుతారు.

"నీకేమబ్బా, బక్కగా ఉండావు. నీకెక్కడొస్తాది గుండెజబ్బు?"

ఎక్కువ మందిని పరీక్షకు పోకుండా ఆపేది ఈ మాటే. దీనికి మన వైపు ఒక చరిత్ర కూడా ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1910ల్లోనే మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని ఏళ్ల తరబడి నడిపారు. మందులు లేని ఆ రోజుల్లో రోగి బరువు పెరిగితే కోలుకుంటున్నట్టు, చిక్కితే చేయి దాటుతున్నట్టు. కరువునూ క్షయనూ కళ్లారా చూసిన తరాలకు ఒళ్లు చేయడమే ఆరోగ్యం, బక్కచిక్కడమే జబ్బు. కొంచెం పొట్ట కనిపిస్తే సంసారం బాగుందని మెచ్చుకునే అలవాటు అట్లా వచ్చిందే. ఆ రోజులకు ఆ లెక్క సరిపోయింది. గుండె సంగతి దానితో కొలవలేం.

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో పక్కపక్కనే వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు చూసే బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. లోపల చూస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చొక్కా మీద ఇద్దరూ సన్ననివాళ్లే. యాజ్ఞిక్ బృందం పుణె పల్లెల్లో పుట్టిన పసిపిల్లలను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చి చూసింది. మన పిల్లలు సగటున 2.7 కిలోలు, వాళ్లు 3.5 కిలోలు. బరువులో అంత తేడా ఉన్నా చర్మం కింది కొవ్వు మాత్రం మన పిల్లల్లో ఆ మేరకు తగ్గలేదు. తగ్గింది కండ. అంటే సన్నటి ఒంట్లో కొవ్వు దాచుకోవడం మనకు కడుపులో ఉన్నప్పుడే మొదలవుతోంది.

ఆ కొవ్వు ఎక్కడ చేరుతుందన్నది ముఖ్యం. తొడల్లో, చర్మం కింద చేరే కొవ్వు పెద్దగా హాని చేయదు. అక్కడ చోటు చాలనప్పుడు అది పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటితేనే బరువు ఎక్కువైనట్టు, 25 దాటితే ఊబకాయం. అంతకంటే తేలిక, దర్జీ టేపుతో నడుము కొలుచుకోవడం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య, ఊపిరి వదిలిన తర్వాత కొలవాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే చేతులు ఎంత సన్నగా ఉన్నా పరీక్ష చేయించుకోవలసిందే. ప్యాంటు సైజు చెబితే సరిపోదు. చాలామంది పొట్ట కింద ప్యాంటు కడతారు.

"మొత్తం కొలెస్ట్రాల్ రెండొందల లోపే ఉండాది, ఏం గాదులే అన్నా."

కొవ్వు నీళ్లలో కలవదు. రక్తం ఎక్కువ పాలు నీళ్లే. కాబట్టి కొవ్వు విడిగా ప్రయాణం చేయలేదు, ప్రోటీను పొర కప్పుకున్న గుళికల్లో ఎక్కి పోవాలి. వాటినే లైపోప్రోటీన్లు అంటారు. మదనపల్లె టమోటా మార్కెట్టును మనసులో పెట్టుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. కాలేయం మార్కెట్ యార్డు. అక్కడ ట్రైగ్లిజరైడ్ అనే సరుకు నింపుకుని బయలుదేరే లారీ పేరు వీఎల్‌డీఎల్. దారిలో కండకు కొంత, కొవ్వు కణానికి కొంత సరుకు దింపుకుంటూ పోయి, చివరికి కొలెస్ట్రాల్ మాత్రం మిగిలిన చిన్న బండిగా మారుతుంది. అదే ఎల్‌డీఎల్. దాన్ని కాలేయం మళ్లీ లోపలికి లాగేసుకోవాలి. లాగకపోతే రోడ్డు మీదే తిరుగుతూ రక్తనాళం గోడలోకి దూరుతుంది. హెచ్‌డీఎల్ మిగిలిపోయిన కొలెస్ట్రాల్‌ను ఏరుకుని వెనక్కి తెచ్చే బండి. మనం తిన్న నూనె పేగుల నుంచి వేరే బండ్లలో వస్తుంది, వాటిని కైలోమైక్రాన్లు అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అవి కొన్ని గంటల్లో ఖాళీ అయిపోతాయి.

ప్రమాదాలు జరిగేది బండ్ల సంఖ్యను బట్టి. వంద టన్నుల సరుకును పది పెద్ద లారీల్లో పంపినా, రెండొందల చిన్న ఆటోల్లో పంపినా తూకం అదే. రోడ్డు మీద రద్దీ మాత్రం వేరు. మొత్తం కొలెస్ట్రాల్ అంకె తూకం మాత్రమే చెబుతుంది, బండ్లు ఎన్నో చెప్పదు.

ఒక రిపోర్టు తీసుకుందాం. మొత్తం కొలెస్ట్రాల్ 190. ట్రైగ్లిజరైడ్లు 280. హెచ్‌డీఎల్ 32. ఎల్‌డీఎల్ 102. మన మూడు ఊళ్లలో ఏ ల్యాబు ముందు నిలబడినా ఈ రకం కాగితాలు రోజూ కనిపిస్తాయి. 200 లోపు ఉంది కాబట్టి మొదటి గడిలో ఎర్ర గుర్తు ఉండదు. చూసినవాళ్లు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. ఇప్పుడు మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. 190లో 32 పోతే 158. నాళం గోడలోకి దూరగల బండ్లన్నిటిలో ఉన్న కొలెస్ట్రాల్ అది. ఏ జబ్బూ లేని మనిషికే అది 130 లోపు ఉండాలి. షుగరు ఉన్న మనిషికైతే 100 లోపు. అంటే ఆ కాగితం మంచి రిపోర్టు కాదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, ఎల్‌డీఎల్ బండ్లు చిన్నవై సంఖ్య పెరగడం. ఇది దక్షిణాసియా వాళ్లలో బాగా కనిపించే తీరు. ఎల్‌డీఎల్ అంకె ఒక మోస్తరుగా కనిపిస్తూ మోసం చేస్తుంది.

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో మన దేశానికి తగిన లెక్కలు ప్రకటించింది. ప్రమాదం తక్కువ ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు, షుగరో బీపీయో ఉన్నవాళ్లకు 70 లోపు, ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్లకు 55 లోపు ఉండాలని చెప్పింది. తిని పోయినా ఈ పరీక్ష చేయించుకోవచ్చని కూడా చెప్పింది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తే అప్పుడు పరగడుపున ఇంకోసారి చేస్తారు. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉంటే లైపోప్రోటీన్ ఏ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాలి. అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, తిండితో పెద్దగా మారదు.

ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటిన రక్తాన్ని గొట్టంలో పోసి కాసేపు నిలబెడితే పైన తేలే సీరం తెల్లగా, పాలు కలిపినట్టు ఉంటుంది. మామూలుగా అది లేత పసుపు రంగులో పారదర్శకంగా ఉండాలి. ఒక్కసారి ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసినవాళ్లకు కొవ్వు రక్తంలో తిరుగుతుందన్న మాట మళ్లీ ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ స్థాయిలో గుండె కంటే ముందు క్లోమానికి ప్రమాదం, భరించలేని కడుపునొప్పితో ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది.

"షుగర్ ఉన్నోళ్లు తీపి మానేస్తే చాలు. సంగటి ఎంతైనా తినొచ్చు."

షుగరును తీపి జబ్బుగానే చూడడం వల్ల వచ్చిన తప్పు ఇది. ఇన్సులిన్ చేసే పనుల్లో ఒకటి, కొవ్వు కణాల తలుపు మూసి ఉంచడం. తిండి అందుతున్నంతసేపు దాచిన కొవ్వు బయటికి రాకూడదు. పొట్టలో కొవ్వు పెరిగి ఇన్సులిన్ మాట చెల్లకపోతే ఆ తలుపు మూసుకోదు. కొవ్వు ఆమ్లాలు రాత్రింబగళ్లు కాలేయానికి చేరతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి వీఎల్‌డీఎల్ బండ్లు ఎక్కిస్తూనే ఉంటుంది. అవసరానికి మించి తిన్న పిండిపదార్థాన్ని కూడా కాలేయం కొవ్వుగా మారుస్తుంది. కాబట్టి ఒక్క చుక్క నూనె ముట్టకుండా మూడు పూటలా అన్నమే తినే మనిషికి కూడా రక్తంలో కొవ్వు పెరుగుతుంది. "నేను నెయ్యి మొహం చూడను, నాకెందుకు ట్రైగ్లిజరైడ్లు?" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

రాగులు మంచి ధాన్యమే. పొట్టుతో సహా ఆడిస్తే పీచు ఉంటుంది, కాల్షియం ఏ ధాన్యంలోనూ అంత ఉండదు. అయినా రాగుల్లో ముప్పాతిక వంతుకు దగ్గరగా పిండిపదార్థమే. మన సంగటిలో బియ్యం కూడా వేస్తాం. మెత్తగా ఉడికిన పిండి త్వరగా అరుగుతుంది. తాతలు పొద్దున సంగటి తిని చేన్లో మడక దున్నేవాళ్లు, ఆ ముద్ద మధ్యాహ్నానికి కండల్లో ఖర్చైపోయేది. ఇప్పుడు అదే ముద్ద తిని అంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చుంటే అది కాలేయానికే చేరుతుంది. సంగటి మానమని నేను చెప్పను. ముద్ద సగం చేయండి. ఆ ఖాళీలో ఆకుకూర పప్పో, పులగూరో ఎక్కువ పెట్టుకోండి. ఊరిబిండి ఒక ముద్దకు సరిపడా వేసుకుంటే మంచిదే, చెనిక్కాయల్లో ప్రోటీనూ మంచి కొవ్వూ రెండూ ఉంటాయి. సంగటి, దాని మీద అన్నం, మళ్లీ మజ్జిగన్నం, ఈ వరసతోనే ఇబ్బంది. తిన్న తర్వాత పది నిమిషాలు వీధిలో నడిస్తే కండ ఇన్సులిన్ సాయం లేకుండానే కొంత చక్కెరను లాక్కుంటుంది. ఇది మందుల అంగడిలో దొరకదు, ఖర్చూ లేదు.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని తేలింది. రక్తంలో కొవ్వుల్లో ఏదో ఒక తేడా ఉన్న పెద్దలు 81.2 శాతం. ఈ రెండో అంకె గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. షుగరు వచ్చిన మనిషి చక్కెర అంకె ఒక్కటే చూసుకుంటూ పోతే, చివరికి ఎక్కువగా ప్రాణం తీసేది గుండె.

"పుంగనూరు ఆవు నెయ్యి అయితే ఎంతైనా తినొచ్చు, అది మందు."

పుంగనూరు ఆవు మన గర్వం, అందులో రెండో మాట లేదు. అంత పొట్టిది, కరువుకు తట్టుకునేది, కొంచెం మేతతో బతికేది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని కాపాడుకుంటూ వస్తున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో ఈ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. దాని పాలలో వెన్న శాతం ఎక్కువన్న పేరు కూడా ఉంది. వెన్న శాతం ఎక్కువంటే లీటరు పాలకు నెయ్యి ఎక్కువ దిగుతుందని అర్థం. ఆ నెయ్యి వేరే రకం కొవ్వు అని అర్థం కాదు. ఏ ఆవు నెయ్యిలోనైనా సగానికి పైగా సంతృప్త కొవ్వే. అది ఎక్కువైతే కాలేయం ఎల్‌డీఎల్‌ను లోపలికి లాగే రిసెప్టర్లు తగ్గుతాయి, బండ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. జబ్బు లేనివాళ్లు పప్పన్నంలో ఒక చెంచా వేసుకుంటే తప్పేం లేదు. గుండెపోటు వచ్చిన తండ్రికి మందని చెప్పి పొద్దున్నే గ్లాసులో కరిగించి తాగించడం మాత్రం మానాలి. ఆ ఆవు మీద ప్రేమ ఉంటే దాన్ని పెంచండి.

నూనె సంగతి కూడా ఇక్కడే. గానుగ నూనెకు లెక్క లేదనేది ఒక వాదం. "కొలెస్ట్రాల్ లేదు" అని ప్యాకెట్ మీద రాసుంటే నిశ్చింత అనేది ఇంకొకటి. మొక్క నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, కాబట్టి ఆ రాతలో కొత్త విషయం లేదు. చెనిక్కాయ నూనె మంచిదే, గానుగలో ఆడించినా మిల్లులో ఆడించినా గ్రాముకు తొమ్మిది కేలరీలే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల భోజనానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 27 గ్రాములు చూపించింది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంటికి నెలకు ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో చీటీ తీసి చూడండి, బజ్జీలూ బిర్యానీలూ బయట తిన్నవి దానికి అదనం.

2017, 2018 ప్రాంతాల్లో తెలుగు రాష్ట్రాలను ఊపేసిన కొబ్బరినూనె డైట్ దీనికి పూర్తిగా ఎదురు దారి. అన్నం, సంగటి మొత్తం మానేసి నూనె, నెయ్యి, వెన్నతో బతకమన్నారు. పిండిపదార్థం తగ్గడంతో చాలామందికి షుగరు, ట్రైగ్లిజరైడ్లు దిగాయి. అది నిజం, కాదనను. కానీ కొబ్బరినూనెలో దాదాపు తొంభై శాతం సంతృప్త కొవ్వు. కొందరికి ఎల్‌డీఎల్ విపరీతంగా పెరుగుతుంది. బరువు తగ్గిందన్న సంతోషంలో ఆ పరీక్ష చేయించుకోరు. డాక్టరుకు చెప్పకుండా షుగరు మాత్రలు వేసుకుంటూనే ఈ డైట్ మొదలుపెడితే చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

"రిపోర్టు నార్మల్ వచ్చింది కదా, ఇంకా మాత్ర ఎందుకు? కిడ్నీలు పాడైపోతాయి."

ఈ ఒక్క సలహా మీద నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే ఇది బాగుపడుతున్న మనిషిని వెనక్కి లాగుతుంది. రిపోర్టు నార్మల్ వచ్చింది మాత్ర వల్లే. స్టాటిన్ మాత్ర కాలేయం తయారు చేసుకునే కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. కొరత వచ్చిన కాలేయం రక్తంలోంచి లాక్కోవడానికి ఎల్‌డీఎల్ రిసెప్టర్లను ఎక్కువ చేసుకుంటుంది. ఆ రిసెప్టర్ల సంగతి కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1985లో నోబెల్ అందుకున్నారు. వాళ్లు చూసిన పిల్లల్లో కొందరికి పుట్టుకతోనే ఆ రిసెప్టర్లు లేవు, బడికి పోయే వయసులోనే గుండెపోట్లు వచ్చాయి. మాత్ర ఆపితే కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ పాత అంకెకు చేరుతుంది. అప్పుడు నొప్పి ఉండదు, నీరసం ఉండదు. అందుకే ఆపినా ఏం కాలేదనిపిస్తుంది.

"అంతా కెమికల్" అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మొదటి స్టాటిన్‌ను జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970ల్లో ఒక బూజు నుంచి తీశారు. వేల రకాల బూజులు వెతికితే దొరికిన ఆ బూజు బియ్యం మీద పెరిగింది. ఈ మాత్రలు మామూలుగా కిడ్నీలను పాడు చేయవు. కిడ్నీ జబ్బు ఉన్న చాలామందికి గుండెను కాపాడడానికి డాక్టర్లే వీటిని రాస్తారు. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, షుగరు అంచున ఉన్నవాళ్లకు అది కొద్దిగా పెరగొచ్చు. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం కోరుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. నొప్పులుంటే మోతాదు తగ్గిస్తారు, మందు మారుస్తారు. ఆ నిర్ణయం టీ అంగడి దగ్గర జరగకూడదు. మెంతులు, వెల్లుల్లి తింటే తినండి, మాత్రకు బదులుగా మాత్రం కాదు.

"గ్యాసు పట్టింది, సోడా తాగి పడుకో."

తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04లో ఏడాదిపాటు జరిగిన ప్రతి చావుకూ కారణం వెతికారు. మూడింట ఒక వంతుకు దగ్గరగా, 32 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులవి. పల్లెల్లో గుండెజబ్బు ఉండదన్న మాట ఇరవై ఏళ్ల కిందటే చెల్లలేదు. ఆ చావుల్లో ఎన్నింటి వెనక ఈ సోడా సలహా ఉందో ఎవరూ లెక్క రాసి ఉండరు.

నాళం గోడలో దూరిన కొవ్వు ముద్ద ఒకనాడు పగులుతుంది, దాని మీద రక్తం గడ్డకడుతుంది, గంటల్లో గుండె కండ చచ్చిపోతుంది. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుండడం, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకడం, చల్లటి చెమట, ఆయాసం. ఇందులో ఏది ఉన్నా గ్యాసు అనుకోకూడదు. షుగరు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, చెమట, వాంతి మాత్రమే రావొచ్చు. పెద్దాసుపత్రికే పోదామని తిరుపతికో, వేలూరుకో, బెంగుళూరుకో కారు మాట్లాడుకుంటూ కూర్చుంటే విలువైన గంట పోతుంది. ముందు దగ్గర్లోని ఆసుపత్రిలో ఈసీజీ తీయించాలి. రాష్ట్రంలో స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ సూది ఉచితంగా వేస్తున్నారు. అది ఎంత త్వరగా పడితే అంత కండ మిగులుతుంది, పెద్దాసుపత్రికి ఆ తర్వాత పంపుతారు. మోటార్ సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవద్దు, మెట్లు ఎక్కించవద్దు. 108కి ఫోన్ చేసి ఊరు, వీధి, గుర్తు చెప్పండి. షుగరో, కొవ్వో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే పాత ఈసీజీ, చివరి రిపోర్టు, వేసుకునే మాత్రల చీటీ ఒకే కవర్లో పెట్టి తలుపు దగ్గర మేకుకు తగిలించండి, ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి.